కాలరక్క ఎడమ చెవి

కాలరక్క అసలు పేరేమిటని ఆ చొక్కాల కంపెనీలో ఎవరినడిగినా బుర్ర గోక్కుంటారు. చొక్కాకి కాలర్ అతికే మిషను ముందు కూర్చున్న నాటి నుంచీ ఆవిడ కాలరక్కే. పక్క మిషను మీద కఫ్‌లు కుట్టే పిల్ల కఫ్‌పిల్ల. వెనక వరసలో జేబులు కుట్టే ఆయన జేబుల బాబాయి. అక్కడ మనిషికి పేరు పెట్టేది అమ్మా నాన్నా కాదు, ముందున్న గుడ్డముక్క.

గుడ్డముక్కతో పనిలేకుండా పేరు తెచ్చుకున్నవాడు ఒక్కడే, మిషన్లు బాగుచేసే మెకానిక్కు. మెళ్లో ఎప్పుడు చూసినా మూరెడు రబ్బరు గొట్టం వేలాడేసుకుని తిరుగుతాడు గనక ఆయన గొట్టం మావ. ఏ మిషనులోనైనా తేడా చప్పుడొచ్చిందంటే గొట్టం ఒక కొస దాని ఒంటికి ఆనించి, రెండో కొస తన చెవిలో పెట్టుకుని, ఎడమ కన్ను గట్టిగా మూసి వింటాడు. రోగం దొరికిందంటే ఆ మూసిన కన్ను టక్కున తెరుచుకుంటుంది. దొరక్కపోతే మూసే ఉంటుంది. వరసగా మిషన్ల ముందు కూర్చున్న లైను లైనంతా ఆ కన్ను వంకే చూసేది.

ఆ గొట్టం మావే కాలరక్క మొగుడు. అయితే కంపెనీ గేటు దాటి లోపలికొచ్చాక ఇద్దరూ ఎవరికెవరో. ఆవిడ ఆయన్ని "మెకానిక్కుగారూ" అనేది, ఆయన ఆవిడ్ని "ఏమ్మా, ఏంటి నీ కంప్లైంటు" అనేవాడు. అది విన్నప్పుడల్లా కఫ్‌పిల్లకి నవ్వాగేది కాదు. "పొద్దున్నేగా అక్కా ఆయన చొక్కా ఉతికి ఆరేసొచ్చావు. ఇక్కడికొచ్చి ఈ గారూ గీరూ ఏంటి?" అనేది.

"చొక్కా ఇంటిది, గారు కంపెనీది. నువ్వు నీ కఫ్ చూసుకో," అనేది కాలరక్క.

అక్కడొక పద్ధతి ఉండేది. మిషను తేడాగా మోగితే కుట్టే మనిషి చెయ్యెత్తాలి. మెకానిక్కు వచ్చి వింటాడు. రోగం ఉందని తేలితే జేబులోంచి ఎర్రగుడ్డ పీలిక తీసి మిషనుకి కడతాడు. పీలిక కట్టిన మిషను జోలికి ఎవరూ పోకూడదు, సూపర్‌వైజరమ్మైనా సరే. బాగుచేసి మళ్లీ ఆయన చేత్తో ఆయనే విప్పాలి. అంతవరకూ దానికి సెలవు. అలిసిపోయిన రోజున ఆ పీలిక కట్టిన మిషన్ని చూసి కుళ్లుకోని మనిషి లేరు లైన్లో. "దాని జాతకం బాగుంది, ఒంట్లో బాగాలేదంటే నమ్మేవాడొకడున్నాడు," అనేవాడు జేబుల బాబాయి నడుం పట్టుకుని.

ఇక గొట్టం మావకి ఒక పంతం. తన చెవిన పడని రోగాన్ని ఆయన రోగమని ఒప్పుకోడు. మేనేజరొచ్చి చెప్పినా, మిషను అమ్మినవాడొచ్చి చెప్పినా "నాకు వినపడనీ" అనేవాడే తప్ప స్క్రూ మీద చెయ్యి వేసేవాడు కాదు.

అలాంటి మనిషి పెళ్లాం ఒకరోజు మధ్యాహ్నం చెయ్యెత్తింది.

తెల్ల చొక్కాల ఆర్డరు నడుస్తోందప్పుడు. తెలుపంటేనే ఒళ్లు దగ్గర పెట్టుకుని కుట్టాలి, చెమట చుక్క పడినా మరకే. నెత్తి మీద ట్యూబులైట్లు, ముక్కు నిండా గుడ్డ నూగు, వెనకాల వరసగా మోటార్ల రొద. ఆ రొదలోంచి విడిగా, ఎడమ పక్కగా, టిక్ టిక్... టిక్... టిక్ టిక్ టిక్ అని వినపడింది కాలరక్కకి. కింది దారం కండె పెట్టే బాబిన్ కేసు వదులైతే అచ్చం అలాగే కొట్టుకుంటుంది.

గొట్టం మావ వచ్చాడు. గొట్టం ఆనించాడు. కన్ను మూశాడు. మిషను తల దగ్గర, కడుపు దగ్గర, మోటారు దగ్గర, అన్నిచోట్లా విన్నాడు. మూసిన కన్ను మూసే ఉంది.

"ఏదీ, ఎక్కడ?" అన్నాడు.

"ఇదిగో, ఇప్పుడే... టిక్కుమంది. వినపళ్లా?"

ఆయన ఆవిడ మొహం వంక చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, స్క్రూ డ్రైవరు తీసి మిషను విప్పాడు. లైనంతా నోరు తెరుచుకు చూసింది. తన చెవిన పడని రోగానికి గొట్టం మావ మిషను విప్పడం అదే మొదలు. బాబిన్ కేసు తీశాడు, తుడిచాడు, నూనె పోశాడు, బెల్టు బిగించాడు, మళ్లీ కూర్చాడు. పీలిక మాత్రం కట్టలేదు, రోగం దొరికితేగా కట్టడానికి!

ఆవిడ పెడలు నొక్కింది. కాసేపు బాగానే ఉంది. తర్వాత మళ్లీ టిక్ టిక్.

మర్నాడు ఆవిడ్ని ఖాళీగా ఉన్న వేరే మిషను మీదకి మార్చారు. చప్పుడు కూడా సంచీ సర్దుకుని ఆవిడ వెనకాలే వచ్చేసింది. మళ్లీ చెయ్యెత్తింది. మళ్లీ ఆయనొచ్చి విని, ఏమీ దొరక్క, విప్పాడు. ఆ పైన మూడో మిషను. లైను ఆగిపోతోంది. కాలర్ లేని చొక్కాలు తలకాయ లేని మనుషుల్లా బల్ల మీద గుట్టగా పేరుకుపోతున్నాయి. సూపర్‌వైజరమ్మకి పైనుంచి అక్షింతలు పడుతున్నాయేమో, ఆవిడొచ్చి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఇంకెవరైనా చెయ్యెత్తితే నాకు వినపడనీ అంటారు. కాలరక్క చెయ్యెత్తితే మాత్రం వినపడకపోయినా విప్పేస్తారు. బాగుంది మావగారూ! రేపు ఆవిడకి కాఫీ కూడా మిషను దగ్గరికే పట్టుకొస్తారా?"

లైను గొల్లుమంది. గొట్టం మావ చెవులు ఎర్రబడ్డాయి. చేతిలో ఉన్న స్క్రూ డ్రైవరు బల్ల మీద పెట్టి, గొట్టం మెళ్లో వేసుకుని, ఎవరి వంకా చూడకుండా అన్నాడు: "మిషనుకేం రోగం లేదు. ఉంటే గింటే వినేవాళ్లకే ఉంది."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. కఫ్‌పిల్ల ఒక్కతే నవ్వలేదు. కాలరక్క తల వంచుకుని కాలర్ ముక్క సూది కింద పెట్టింది. చప్పుడు టిక్ టిక్ మంటూనే ఉంది. ఆ మధ్యాహ్నం ఇక చెయ్యెత్తలేదు. లైన్లో మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

సాయంత్రం ఇంటికెళ్లి గిన్నెలు తోముతుంటే చేతిలోంచి స్టీలు పళ్లెం జారి గచ్చు మీద ఖంగుమంది. ఆ ఖంగు ఆగీ ఆగకముందే ఎడమ చెవిలో టిక్ టిక్... టిక్. అక్కడ మిషనూ లేదు, మోటారూ లేదు. కాలరక్క తడి చేతులతో అలాగే గిన్నెల మధ్య కూలబడిపోయింది. అంటే ఆయన అన్నదే నిజమన్నమాట. రోగం వినేవాళ్లకే ఉంది. ఒక మాట నలుగురిలో మొహాన కొట్టినట్టు అనడమూ, పైగా ఆ మాట నిజం కావడమూ, ఆ రెంటిలో ఏది ఎక్కువ నొప్పో ఆవిడకి తేలలేదు.

ఆ తర్వాత ఆ చప్పుడు ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుంది. పొద్దున మొహం కడుక్కుంటూ ఎడమ చెంప రుద్దుకుంటే చాలు, మొదలు. తలుపు ధడాలున పడితే మొదలు. ఒక్కోసారి టిక్కులు మానేసి, దీపం చుట్టూ తిరిగే పురుగు రెక్కలు కొట్టుకున్నట్టు పటపటలాడేది. దానికో తాళమన్నా ఉంటే అలవాటు పడేదే. రెండు కొట్టి ఆగేది, ఒకటి కొట్టి ఆగేది, ఇక లేదులే అనుకున్నాక నాలుగు కొట్టేది. ఆ ఆగిన సందులోనే ప్రాణం ఎక్కువ విసిగేది, ఇప్పుడు కొడుతుందా, ఇప్పుడు కొడుతుందా అని. పక్క మీద వాలితే చెవి కింద దిండు, దిండులో చప్పుడు. పొద్దున లేస్తే రాత్రంతా బట్టల మూటలు మోసినట్టుండేది ఒళ్లు.

నోరు కట్టేసుకోవడం చేతకాక ఒకరోజు అన్నం పెడుతూ చెప్పేసింది. "ఏమండీ, ఆ చప్పుడు మిషన్ది కాదు. నా చెవిలోదే."

ఆయన కంచంలోంచి తలెత్తలేదు. "మొన్నటిదాకా మిషనన్నావు. ఇవాళ చెవంటున్నావు. రేపు ముక్కంటావు."

"ముక్కులో ఎవరికన్నా చప్పుడొస్తుందా?"

"నీకు వస్తుంది," అన్నాడు ఆయన. నిజానికి నవ్వించాలనే అన్నాడేమో. ఆవిడకి నవ్వు రాలేదు. గరిటె గిన్నెలో పడేసి లోపలికి పోయింది.

పక్క గదిలో మంచం మీద కాలరక్క అత్తయ్య. కేకేసి పిలిస్తే వినపడదు గానీ గొణిగితే మాత్రం గోడవతలున్నా వినపడే చెవులు ఆవిడవి. "ఏంటే కోడలా, చెవి అదురుతోందా? కన్నదిరితే ఏదో జరుగుతుందంటారు, చెవదిరితే ఏం జరుగుతుందో మా రోజుల్లో ఎవరూ చెప్పలేదమ్మా," అంది.

"ఏమీ జరగదు అత్తయ్యా, పళ్లేలు పగుల్తాయి."

"స్టీలువి పగలవే!" అంది ముసలావిడ సంబరంగా.

ఆ తర్వాత మొగుడూ పెళ్లాం మధ్య మాటలు తగ్గిపోయాయి. పోట్లాటేం కాదు. పోట్లాటకి కూడా సత్తువుండాలి, ఆవిడ దగ్గర లేదు. ఉప్పు, తలుపు, నీళ్లు, అంతవరకే. ఆయనకి మాత్రం సుఖమా? తను అన్నమాట ఆయనకీ పంటి కింద రాయిలా తగుల్తూనే ఉంది. కానీ అది ఉమ్మేసే దారి తెలిసిన రకం కాదు ఆయన. మిషను పాడైతే విప్పడం తెలుసు. మాట పాడైతే ఎక్కడ విప్పాలో తెలీదు.

చివరికి కఫ్‌పిల్లే పూనుకుంది. సగం రోజు సెలవు దొరికినప్పుడు కాలరక్క చెయ్యి పట్టుకుని చెవి డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. చిన్న వయసు డాక్టరమ్మ. చెవిలోకి లైటు వేసి చూసింది, గదిలో కూర్చోబెట్టి సన్నటి చప్పుళ్లు వినిపించి చెయ్యెత్తమంది. చెయ్యెత్తమనగానే కాలరక్కకి ఎక్కడలేని దిగులూ వచ్చింది. కానీ ఎత్తింది, ఒక్కటీ తప్పకుండా.

"వినికిడి బ్రహ్మాండంగా ఉందండీ. కర్ణభేరి కూడా శుభ్రంగా ఉంది. ఇప్పుడు వస్తోందా చప్పుడు?"

రావడంలేదు. ఇంటికి చుట్టాలొస్తే తలుపు చాటున దాక్కునే పసిపిల్లలా ఎక్కడో నక్కింది. కాలరక్క సిగ్గుతో చచ్చిపోయింది. "ఇప్పటిదాకా ఉందమ్మా. మెట్లెక్కేటప్పుడు కూడా ఉంది. అడగండి ఈ పిల్లని."

"నేనెలా చెప్తానక్కా, నా చెవిలో కాదుగా," అంది కఫ్‌పిల్ల.

డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని నెమ్మదిగా చెప్పింది. చెవి లోపల, కర్ణభేరి వెనకాల, నూలుపోగంత కండరాలు రెండుంటాయట. పెద్ద చప్పుడొస్తే అవి బిగుసుకుని చెవిని కాస్తాయట. కొందరిలో అవి ఊరికే, వాటంతటవే ఎగిరెగిరి పడతాయట, అలిసిన కంటి రెప్ప అదిరినట్టు. "మీరు చెప్పేది దానిలాగే ఉంది. ప్రాణానికి ముప్పు లేదు, చెవుడూ రాదు. కొందరికి దానంతటదే తగ్గుతుంది. లేదంటే మాత్రలున్నాయి, వాటికీ లొంగకపోతే చిన్న ఆపరేషనుంది. కానీ ముందు అది అదేనని నాకు తెలియాలి. ఒక్కోసారి ఈ చప్పుడు పక్కవాళ్లకి కూడా వినిపిస్తుంది. వచ్చినప్పుడు ఇంట్లో ఎవరినైనా ఒక రబ్బరు గొట్టం మీ చెవి దగ్గర పెట్టి, రెండో కొస వాళ్ల చెవిలో పెట్టుకుని వినమనండి. వినపడిందంటే వాళ్లని కూడా వెంటబెట్టుకుని రండి."

కఫ్‌పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఏమైంది? మీ ఇంట్లో గొట్టం లేదా?" అంది డాక్టరమ్మ.

"గొట్టం ఉందమ్మా," అంది కాలరక్క. "చెవే లేదు."

దారి పొడుగునా కఫ్‌పిల్ల పోరు పెడుతూనే ఉంది. "అడుగక్కా. ఊళ్లో ఉన్న మిషన్లన్నింటికీ చెవి పెడతాడు, నీకు పెట్టడా? ఇవాళే అడుగు."

"అడుగుతాలే."

అడగలేదు. ఆ వేళా అడగలేదు, ఆ వారమూ అడగలేదు. రోషమే అనుకుంది కఫ్‌పిల్ల. రోషం ఉంది, లేకపోలేదు. కానీ దాని అడుగున ఇంకోటుంది, అది కాలరక్క ఎవరితోనూ అనలేదు. చప్పుళ్ల విషయంలో ఆ మనిషి అబద్ధమాడడు. పెళ్లాం మనసు నిలపడానికి కూడా ఆడడు. గొట్టం పెట్టి, కన్ను మూసి, ఆ కన్ను మూసింది మూసినట్టే ఉండి "ఏమీ లేదు" అన్నాడంటే ఇక అంతే. లేనట్టే. అప్పుడా టిక్ టిక్ చెవిలోది కూడా కాకుండా పోతుంది, ఇంకా లోపలిదవుతుంది. తలకాయలోది. పిచ్చిది. అడగనంతకాలం ఉన్నట్టో లేనట్టో ఎవరికీ తేలదు, అదే నయమనిపించేది ఆవిడకి.

ఈలోగా పని చెడింది. చిన్న సైజు చొక్కాకి పెద్ద కాలర్ అతికేసింది. ఇంకోసారి కాలర్ తిరగేసి కుట్టేసింది. అది విప్పాల్సొచ్చినప్పుడు కఫ్‌పిల్ల గుట్టుగా విప్పిపెట్టింది. మూడోది సూపర్‌వైజరమ్మ కంట పడింది. ఈసారి ఆవిడ ఎగతాళి చెయ్యలేదు. "అక్కా, మొహం చూసుకున్నావా ఈమధ్య? కొన్నాళ్లు దారాలు కత్తిరించే బల్ల మీదకి వెళ్లు. సోమవారం నుంచి," అంది మెల్లిగా. ఎగతాళి కంటే ఆ మెత్తదనమే ఎక్కువ గుచ్చుకుంది. దారాల బల్లంటే కొత్తగా చేరినవాళ్లూ, చూపు ఆననివాళ్లూ నిలబడే చోటు. కాలర్ కుట్టనప్పుడు ఇక కాలరక్కేమిటి?

ఆ ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోయి ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. అత్తయ్య అవతలి గదిలో మంచం మీద గురక పెడుతోంది. గొట్టం మావ గుమ్మంలో పాత గుడ్డ పరుచుకుని, ఎవరిదో ఇంటి మిషను తలకాయ ఒళ్లో పెట్టుకుని, పళ్లు బిగబట్టి స్క్రూ తిప్పుతున్నాడు. కాలరక్క వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. చెయ్యి తగిలి పెద్ద మూత ఒకటి అలమర మీంచి దొర్లి కింద పడింది. పడి, గిరగిరా తిరిగి, తిరిగి, తీరిగ్గా ఆగింది.

టిక్. టిక్ టిక్ టిక్. టిక్.

ఆవిడ మూత తియ్యడానికి వంగి, తియ్యలేక, అక్కడే గోడకి చేరగిలబడింది. ఏడుపు కాదది. ఏడవడానిక్కూడా ఏదో కూడదీసుకోవాలి గదా. కళ్లలోంచి నీళ్లు వాటంతటవే కారిపోతున్నాయి, అడ్డుకునే ఓపిక లేక కారనిచ్చింది.

ఆయన గుమ్మంలోంచే "ఏం పడింది?" అన్నాడు. ఒళ్లోని మిషను పక్కన పెట్టి లేచి వచ్చాడు. చూశాడు.

"ఏమైందే?"

"ఏం లేదు. మూతకేం కాలేదు," అంది ఆవిడ. "ఉంటే గింటే వినేవాళ్లకే."

ఆయన నూనె చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక చొక్కాకి తుడుచుకున్నాడు, ఉతికిన చొక్కాకే. తర్వాత ఆవిడకి ఎదురుగా గచ్చు మీద కూర్చున్నాడు. మోకాళ్లు పటుక్కుమన్నాయి.

"వస్తోందా ఇప్పుడు?"

"ఆఁ."

ఆయన చెయ్యి తనకు తెలీకుండానే మెళ్లో గొట్టం మీదకి పోయింది. అది చూడగానే ఆవిడ చెవి మీద అరచెయ్యి కప్పుకుంది.

"వద్దు."

"ఎందుకు?"

"వినపడకపోతే?"

"వినపడకపోతే వినపడలేదంటాను."

"అందుకే వద్దంటున్నా." ఆవిడ అరచేతిని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. "డాక్టరమ్మ కూడా చెప్పింది, గొట్టం పెట్టి వినమనండి అని. నేనే అడగలేదు. నువ్వు లేదన్నావంటే ఇక నాకు ఎవరూ ఉన్నారని చెప్పరు." మీరు అనాల్సినచోట నువ్వు అనేసింది, ఆ సంగతి ఇద్దరూ పట్టించుకోలేదు.

ఆయన గొట్టం కొస వేళ్ల మధ్య నలిపాడు.

"ఆ మూడు మిషన్లూ ఎందుకు విప్పాననుకున్నావు?" అన్నాడు చివరికి. "నాకు వినపడిందనా? ఒక్కదాంట్లోనూ వినపళ్లేదు. నీకు వినపడిందని విప్పాను."

ఆవిడ తలెత్తి చూసింది.

"మరి ఆ మాటెందుకన్నారు?"

"నవ్వారుగా అందరూ," అన్నాడు ఆయన. అంత పెద్దమనిషీ ఆ రెండు మాటలు బడిపిల్లాడిలా అన్నాడు.

ఆవిడ మెల్లిగా చెవి మీంచి చెయ్యి తీసేసింది.

గొట్టం కొస తన చొక్కా లోపలి అంచుతో శుభ్రంగా తుడిచి, మిషను దగ్గర కూడా అంత జాగ్రత్త పడడు, ఆవిడ చెవికి ఆనించాడు. రెండో కొస తన చెవిలో పెట్టుకున్నాడు. ఎడమ కన్ను మూశాడు. ఆవిడ ఊపిరి బిగబట్టింది.

ఏమీ లేదు. నక్కింది మళ్లీ. డాక్టరమ్మ దగ్గర చేసిన పనే చేసింది.

"ఆగిపోయింది," అంది ఆవిడ ఏడుపు గొంతుతో. "చూశారా, నేను చెప్పలా..."

"మాట్లాడకు. ఉండనీ." ఆయన కదల్లేదు. మిషను దగ్గరైనా అంతే ఆయన. తొందరపెడితే రోగం దాక్కుంటుందని తెలుసు. అత్తయ్య గురక, బయట ఎవరిదో సైకిలు బెల్లు, అంతే. "దేనికొస్తుంది ఇది? ఏం చేస్తే మొదలవుతుంది?"

"పళ్లెం పడితే. మూత పడితే."

గొట్టం తియ్యకుండానే పక్కకి చెయ్యి చాచి ఆ పెద్ద మూత అందుకున్నాడు. ఎత్తి గచ్చు మీద ఒక్క బాదు బాదాడు.

అవతలి గదిలో గురక తెగిపోయింది. "ఎవర్రా! ఏమైందిరా! ఇల్లు కూలిందా?" అని అత్తయ్య కేక.

"ఏం లేదమ్మా, పడుకో!"

"ఎలా పడుకోను, గుండె జారిపోతే?"

"అమ్మా, కాసేపు నోరు మూసుకోవే, వింటున్నా!"

ముసలావిడ ఏమనుకుందో, నిజంగానే నోరు మూసుకుంది.

టిక్.

కాలరక్క ఆయన మొహాన్నే చూస్తోంది. టిక్ టిక్. కన్ను మూసే ఉంది. టిక్... ఆగింది... టిక్ టిక్ టిక్. కన్ను ఇంకా మూసే ఉంది. కానీ ఆయన ఖాళీ చెయ్యి ఆవిడ మోకాలి మీద పడింది, చూపుడు వేలు కదిలింది. టిక్ అన్నప్పుడు ఒకసారి తట్టింది. టిక్ టిక్ అన్నప్పుడు రెండుసార్లు. ఆగింది. ఆవిడ చెవిలో చప్పుడు ఆగితే ఆ వేలూ ఆగింది. మళ్లీ మొదలైతే మొదలైంది. ఎప్పుడు కొడుతుందో ఎప్పుడు ఆగుతుందో చెవి గల తనకే ముందు తెలీనిది, ఆయన వేలికి ఎలా తెలుస్తుంది, వినపడితే తప్ప?

ఆవిడ ఆ వేలి వంకే చూస్తూ ఉండిపోయింది. ఎవరూ రాని మేడగదిలోకి ఎవరో మెట్లెక్కి వస్తున్నట్టుంది ఆ తట్టడం.

ఆయన కన్ను తెరుచుకుంది.

"ఉంది," అన్నాడు.

ఆయన గొట్టం తీసి, మళ్లీ మెళ్లో వేసుకుని, ఆవిడ మొహంలోకి అలాగే చూస్తూ, "ఇన్నాళ్లూ ఇదేనా నీకు? పడుకున్నా ఇదేనా?" అన్నాడు.

"ఇదే."

"నేనైతే పిచ్చెక్కి రోడ్డు మీద పడేవాణ్ణి."

"నాకు తీరిక దొరకలేదు," అంది కాలరక్క. అన్నాక తనకే నవ్వొచ్చింది, నీరసంగా, ముక్కు చీదుకుంటూ.

ఆయన లేచి ఆవిడకి చెయ్యందించాడు. గదిలోకి తీసుకెళ్లి మంచం మీద కూర్చోబెట్టాడు. "రేపు డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం వెళ్దాం. ఏం వినపడిందో నేను చెప్తాను. తర్వాత కంపెనీకి వెళ్లి లైన్లో కూడా చెప్తాను."

"ఏమని?"

"మిషనుకీ రోగం లేదు, వినేవాళ్లకీ పిచ్చి లేదు, గొట్టం పెట్టాల్సినచోట పెట్టనివాడికే బుద్ధి లేదని."

"నవ్వుతారు."

"నవ్వనీ. ఈసారి నాకు వినపడింది."

ఆవిడ దిండు మీద తల వాల్చింది. ఆయన వెళ్లబోతూ ఆగి, ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి తడిమి, నలిగి నూనె మరకలు పడ్డ ఎర్ర పీలిక బయటికి తీశాడు. వంగి, మంచం కోడుకి రెండు చుట్లు చుట్టి ముడేశాడు.

"ఏంటది?"

"నీకు తెలీదా ఏంటో. విప్పేదాకా ఈ మిషను జోలికి ఎవరూ రాకూడదు."

అవతలి గదిలోంచి అత్తయ్య ఇక ఆగలేకపోయింది. "ఒసేయ్ కోడలా, ఎలాగూ లేపారుగా, కాస్త టీ అయినా తగలెయ్యండి!"

కాలరక్క అలవాటు చొప్పున మోచేతి మీద లేవబోయింది. ఆయన మంచం కోడు వంక వేలు చూపించాడు. ఆవిడ మళ్లీ వాలిపోయింది.

"కోడలికి పీలిక కట్టానమ్మా. టీ నేను పెడుతున్నా," అని కేకేశాడు ఆయన.

"నువ్వా? అయితే నాకొద్దు!"

వంటింట్లో డబ్బాలు తీస్తున్న చప్పుడు. పంచదార డబ్బా ఆయనకెప్పుడూ దొరకదు. ఒక మూత ఖంగున కింద పడింది, దాని వెనకాలే గరిటె. ఆ ఖంగు ఖంగుకీ ఎడమ చెవిలో టిక్ టిక్ మంటూనే ఉంది, ఏమీ తగ్గలేదు. రెండో అరలో ఉంది చూడండి అని చెబుదామనుకుంది కాలరక్క. నోరు తెరవడానికి బద్ధకమేసి ఊరుకుంది. టిక్. టిక్ టిక్. ఎక్కడో మోకాలి మీద ఆ వేలు ఇంకా తడుతున్నట్టే ఉంది. అలా లెక్కపెట్టకుండా వింటూ వింటూ, టీ మరిగేలోపే, ఆవిడ నిద్రపోయింది.